అడగని చార్జీలు ఖాతాలోంచి పోయాయి, తిరిగి అడగొచ్చా?

బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఆమె చెప్పిన సంగతులు ఇవీ.

భర్త శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేసేవాడు. జీతం కోసం కంపెనీయే ఒక ప్రైవేటు బ్యాంకులో ఖాతా తెరిపించింది. 2022 ఆగస్టులో పని మానేసి ఊరికి వచ్చి సేద్యం చూసుకుంటున్నాడు. ఆ ఖాతాలోంచి చివరిసారి డబ్బు తీసింది 2022 నవంబరులో. అప్పటికి 1,180 రూపాయలు మిగిలాయి. ఆ తర్వాత అటు చూడలేదు, ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు కూడా పోయింది. 2025 మార్చిలో కోతలయ్యాక వడ్ల వ్యాపారికి చేతికందిన ఆ పాత పాసుబుక్కే ఇచ్చారు. అతను 21,000 వేస్తే మర్నాటికి 3,540 లేవు. అడిగితే మూడు నెలలకు ఒకసారి 590 చొప్పున కనీస నిల్వ చార్జీ, ఆరు బాకీ ఉన్నాయి అన్నారు. పాత 1,180 కూడా 2023లోనే రెండు విడతల్లో అట్టనే పోయిందని స్టేట్‌మెంటు తీస్తే తెలిసింది. మిగిలిన డబ్బంతా వెంటనే తీసేసుకున్నారు.

ఆ అనుమానంతో అత్తగారి ఖాతా కూడా చూశారు. అది ఊళ్లో బ్యాంక్ మిత్ర (బ్యాంకు తరఫున ఖాతాల పని చూసే ఏజెంటు) దగ్గర తెరిచిన జన్‌ధన్ ఖాతా, ప్రభుత్వ బ్యాంకుది. 2023, 2024, 2025 మే నెలల్లో 436 చొప్పున, 20 చొప్పున పోయాయి. ఏటీఎం కార్డు పేరుతో ఏటా 147.50, ఎస్సెమ్మెస్ పేరుతో మూడు నెలలకు 17.70. కార్డు ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. ఆధార్‌లో ఆమె పుట్టిన సంవత్సరం 1967.

పాఠకురాలి సొంత ఖాతాలో ఫోన్ ఫైనాన్స్ వాయిదా ఒకే నెలలో 5న, 8న రెండుసార్లు వెనక్కి పోయి, 590 చొప్పున 1,180 పోయింది.

మూడూ కలిపితే ఎనిమిది వేలకు దగ్గర. భర్త “బ్యాంకోళ్లతో మనకెందుకు, ఊరుకో” అంటున్నాడు. అత్తగారి ఖాతా ఉన్న బ్రాంచిలోనే వాళ్ల బంగారం తాకట్టులో ఉంది, మేనేజరుకు కోపమొస్తే లోను తిరగరాయడేమోనని ఆయన భయం. ఇంకో చిక్కు: బ్యాంక్ మిత్ర భర్త చిన్నాన్న కొడుకే. “ఫిర్యాదు చేస్తే మా మరిది పని పోతుందేమో, చేయకపోతే అత్త డబ్బు పోతూనే ఉంటుంది. ఏం చేయమంటారు?” అని అడిగారు.

సమాధానం

అమ్మా, మీరు చేసిన మంచి పని స్టేట్‌మెంట్లు తీయడం. చాలామంది పాసుబుక్కు చూసి ఏదో పోయిందనుకుంటారు, ఏ పేరు మీద పోయిందో చూడరు. మీ దగ్గర తేదీ, మొత్తం, పేరు మూడూ ఉన్నాయి. ఇక మిగిలింది వాటిని విడదీయడం. ఎనిమిది వేలు పోయాయి, ఇప్పించండి అని మొత్తంగా అడిగితే బ్యాంకు కూడా “అన్నీ నిబంధనల ప్రకారమే” అని మొత్తంగా ఒక్క ముక్కలో జవాబిస్తుంది. మీ పట్టికలో కొన్ని అసలు తీయకూడని డబ్బు, కొన్ని వాదించి రాబట్టుకోవలసినవి, కొన్ని మంచిమాటగా అడిగి చూడవలసినవి. ఏది ఏ కోవలోదో తెలిస్తే ఎక్కడ గట్టిగా నిలబడాలో, ఎక్కడ వదిలేయాలో మీకే తెలుస్తుంది.

అన్నిటికంటే గట్టిది అత్తగారి 436. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు వచ్చే పథకం. అందులో చేరడానికి వయసు 18 నుంచి 50. యాభై లోపల చేరినవాళ్లకు ఏటా ప్రీమియం కడుతుంటే 55 వరకు బీమా నడుస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. 1967లో పుట్టిన మనిషికి 2023 మేలో 55 దాటిపోయాయి. అంటే ఆ మూడుసార్లూ డబ్బు తీసుకున్నారు గానీ, దానికి బదులుగా ఆమెకు ఏ రక్షణా లేదు. ఈ మధ్యలో జరగరానిది జరిగి మీరు క్లెయిము పెట్టుకుని ఉంటే, వయసు చూపించి తిప్పి పంపేవాళ్లు. 1,308 రూపాయలు తిరిగి ఇవ్వాల్సిందే.

అయితే ముందు ఒకటి చూసుకోండి. బ్యాంకు రికార్డులో ఆమె పుట్టిన సంవత్సరం ఏమని ఉంది? 1967కు బదులు 1976 అని ఎక్కించి ఉంటే కంప్యూటరు ఆమెను ఇంకా అర్హురాలిగానే చూస్తుంది, ఏటా డబ్బు తీస్తూనే ఉంటుంది. పల్లె ఖాతాల్లో ఈ తప్పు ఎక్కువ. అలా ఉంటే ఆధార్ నకలు ఇచ్చి తేదీ సరిచేయమని, ప్రీమియం వాపసు ఇవ్వమని ఒకే అర్జీలో రాయండి. “బీమా కంపెనీకి పంపేశాం, వాళ్లనడగండి” అనొచ్చు. ఒప్పుకోవద్దు. ఈ పథకంలో బీమా కంపెనీ దగ్గర మాస్టర్ పాలసీ, అంటే ఖాతాదారులందరికీ కలిపి ఒకే పాలసీ, తీసుకున్నది బ్యాంకే, మీ ఖాతాలో చెయ్యి పెట్టి డబ్బు తీసిందీ బ్యాంకే. కంపెనీ నుంచి రాబట్టుకోవడం వాళ్ల పని.

ఏటా పోయే 20 రూపాయల సంగతి వేరు. అది సురక్షా బీమా, ప్రమాదంలో మరణిస్తే రెండు లక్షలు, 70 ఏళ్ల వరకు చెల్లుతుంది. అడగకుండా చేర్చడం తప్పే, కావాలంటే ఆ 60 కూడా అడగొచ్చు. కానీ పొలానికి, ఉపాధి పనికి వెళ్లే మనిషికి ఏడాదికి 20 రూపాయల బీమా పోగొట్టుకోమని నేను చెప్పను. దాన్ని ఉంచి, నామినీగా ఎవరి పేరుందో మాత్రం చూసుకోండి. వద్దనుకుంటే మే మధ్యలోపు రాసివ్వండి, ఎందుకంటే రెండు పథకాల డబ్బూ మే ఆఖరి వారంలోనే తీస్తారు. ఇంకో మాట: ఒకే మనిషికి రెండు బ్యాంకుల్లో ఈ బీమా ఉంటే రెండు ప్రీమియాలూ పోతాయి గానీ క్లెయిము ఒక్కటే వస్తుంది, రెండో ప్రీమియం వాపసు రాదని పథకం నియమాల్లోనే ఉంది. మీకూ మీ ఆయనకూ ఎన్ని ఖాతాల్లో పోతున్నాయో కూడా చూడండి. ఏడాది మధ్యలో చేర్చితే 436కు బదులు 342, 228, 114 అని కనిపిస్తుంది, అదీ ఇదే బీమా.

ఏటీఎం కార్డు చార్జీ 147.50 అంటే 125 మీద 18 శాతం జీఎస్టీ. జన్‌ధన్ ఖాతా అంటే రిజర్వు బ్యాంకు లెక్కలో బేసిక్ సేవింగ్స్ ఖాతా. దానికి కనీస నిల్వ ఉండదు, కార్డు ఉచితం, కార్డుకు ఏటా చార్జీ కూడా ఉండకూడదు. కాబట్టి బ్రాంచిలో మొదట అడగాల్సింది: “ఈ ఖాతా ఇప్పుడు మీ సిస్టంలో ఏ రకం కింద ఉంది?” కొన్నిచోట్ల కేవైసీ కొత్తగా చేసేటప్పుడో, ఖాతా వేరే బ్రాంచికి మార్చేటప్పుడో బేసిక్ ఖాతాను మామూలు సేవింగ్స్ కింద వేసేస్తారు, అక్కడినుంచి అన్ని చార్జీలూ మొదలవుతాయి. అలా మారి ఉంటే ఎవరి అర్జీ మీద మార్చారో చూపించమని అడగండి. ఖాతాదారు కోరకుండా మార్చి ఉంటే కార్డు డబ్బు 442.50 వాపసు రావాలి. ఆమె అసలు కార్డే అందుకోలేదు కదా, అది అందినట్టు సంతకమో వేలిముద్రో చూపించమనడం రెండో దారి. తిరిగి బేసిక్ ఖాతాగా మార్చమని కూడా అదే కాగితంలో రాయండి. ఒక్క షరతు: బేసిక్ ఖాతా ఉన్నవాళ్లకు అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు.

ఎస్సెమ్మెస్ చార్జీ 17.70 అంటే 15 మీద జీఎస్టీ. పంపిన మెసేజీలను బట్టే చార్జీ వేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఆమె ఖాతాలో మూడు నెలలకు రెండో మూడో లావాదేవీలుంటే, పదిహేను రూపాయల మెసేజీలు ఎక్కడివో చూపించమనొచ్చు. మూడేళ్లకు 212 రూపాయల చిల్లర. అర్జీలో ఒక వరుసగా రాయండి, దీని కోసం మాత్రం పట్టుపట్టొద్దు.

ఇప్పుడు మీ ఆయన ఖాతా. డబ్బు ఎక్కువ పోయిందీ, చిక్కు ఎక్కువ ఉన్నదీ ఇక్కడే.

జీతం ఖాతాకు కనీస నిల్వ ఉండదు. కానీ వరసగా కొన్ని నెలలు, చాలా బ్యాంకుల్లో మూడు నెలలు, జీతం పడకపోతే దాన్ని మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తారు. అప్పటినుంచి కనీస నిల్వ లెక్క మొదలవుతుంది. ఇది ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంటుంది కాబట్టి “మార్చడమే తప్పు” అని వాదిస్తే నిలవదు. ఆ తర్వాత చార్జీ ఎలా వేశారన్నదే మీ వాదం కావాలి.

రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న దీని మీద ఒక ఆదేశం ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నిల్వ తగ్గితే ముందు ఖాతాదారుకు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా చెప్పాలి, సరిచేసుకోవడానికి కనీసం ఒక నెల గడువివ్వాలి. చార్జీ ఎంత తక్కువైందో దాని మీద శాతంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కేవలం ఈ చార్జీల వల్ల ఖాతా సున్నాకు కిందికి పోకూడదు. ఇది కాక, రెండేళ్లపాటు ఖాతాదారు వైపు నుంచి ఏ లావాదేవీ లేని ఖాతా ‘ఇనాపరేటివ్’ అవుతుంది. అలాంటి ఖాతా మీద కనీస నిల్వ చార్జీ వేయనే కూడదని, మళ్లీ వాడుకలోకి తేవడానికి రుసుము కూడా తీసుకోకూడదని వేరే ఆదేశాలున్నాయి.

వీటిని మీ ఎనిమిది విడతల మీద పెట్టి చూడండి. మొదటి రెండు, అంటే 2023 మొదటి ఆరు నెలలవి, ఖాతాలో డబ్బు ఉండగా తీసినవి. వాటికి మీకున్న ఆధారం ముందుగా చెప్పలేదన్నదొక్కటే. కానీ ఫోన్ నంబరు మారిందని మీరు బ్యాంకుకు చెప్పలేదు. పాత నంబరుకు మెసేజి పంపాం అని బ్యాంకు రికార్డు చూపిస్తే ఆ వాదం బలహీనపడుతుంది. ఆ 1,180 వస్తే సంతోషం, రాకపోతే ఆశ్చర్యపోవద్దు.

మిగిలిన ఆరూ వేరు. ఖాతాలో ఒక్క రూపాయి లేనప్పుడు వేసి, బాకీగా రాసి పెట్టుకుని, వడ్ల డబ్బు పడగానే తీసుకున్నవి. బ్యాంకు ఏమంటుందో ముందే తెలుసుకోండి: “మేం ఖాతాను మైనస్‌లోకి దింపలేదు, డబ్బు వచ్చాక తీసుకున్నాం” అంటుంది. దానికి మీ జవాబు: సున్నా ఉన్న ఖాతా మీద చార్జీ పెంచుకుంటూ పోయి తర్వాత పడిన డబ్బులోంచి లాక్కోవడం, మైనస్ చూపించి లాక్కోవడం, రెండూ ఖాతాదారుకు ఒకటే, రిజర్వు బ్యాంకు ఆపమన్నది సరిగ్గా దాన్నే. ఈ మాట అర్జీలో స్పష్టంగా ఉండాలి. ఇక్కడ పూర్తిగా రావచ్చు, సగానికి రాజీ అనొచ్చు. నా ఉద్దేశంలో న్యాయం మీ వైపే ఉంది.

ఆ ఆరింటిలో ఆఖరిది, 2024 అక్టోబరు–డిసెంబరుది, ఇంకా గట్టిది. చివరిసారి డబ్బు తీసింది 2022 నవంబరు, కాబట్టి 2024 నవంబరుతో రెండేళ్లు నిండాయి. బ్యాంకు తనంతట తాను వేసుకున్న చార్జీలు, జమచేసిన వడ్డీ ఖాతాదారు లావాదేవీలు కావు, వాటివల్ల ఖాతా ‘నడుస్తున్నట్టు’ కాదు. డిసెంబరు ఆఖరున వేసిన 590 ఇనాపరేటివ్ ఖాతా మీద వేసినదే. “మా సిస్టంలో ఇనాపరేటివ్ అని మార్క్ కాలేదు” అంటే, ఏ తేదీన మార్క్ చేయాల్సిందో రాతపూర్వకంగా చెప్పమనండి.

ఇంకొకటి. ఆ బ్యాంకు చార్జీల పట్టికను ఆ సంవత్సరాలది అడిగి తీసుకోండి, ఇప్పటిది కాదు. కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లో ‘తక్కువైన మొత్తంలో 6 శాతం లేదా 500, ఏది తక్కువైతే అది’ అని ఉంటుంది. మీ ఖాతాకు కనీస నిల్వ 5,000 అయితే, సున్నా ఉన్నా ఆరు శాతం 300 మాత్రమే. అలాంటి పట్టిక ఉండి 500 వేసి ఉంటే, వేరే ఏ వాదం లేకున్నా ప్రతి విడతలో 200, దాని మీద జీఎస్టీ వాపసు రావాలి. చార్జీ వాపసు ఇచ్చినప్పుడు జీఎస్టీ కూడా కలిపే ఇవ్వాలని ఎక్కడా మరవొద్దు. 500 జమచేసి 90 ఉంచేసుకోవడం తరచూ జరుగుతుంది.

మీ సొంత ఖాతాలో వాయిదా వెనక్కి పోయిన సంగతి: 5వ తేదీన డబ్బు లేదు కాబట్టి మొదటి 590 బ్యాంకు హక్కే. మూడు రోజుల తర్వాత అదే వాయిదాకు మళ్లీ చార్జీ వేసిన దానికి మాత్రం ‘ఒక వాయిదాకు రెండు చార్జీలా’ అని అడగండి. ఫైనాన్స్ కంపెనీ రెండోసారి పంపడం బ్యాంకు తప్పు కాదు కాబట్టి ఇది హక్కుగా అడిగేది కాదు. కానీ ఖాతా ఎప్పుడూ సక్రమంగా నడిచి ఉంటే ఒకసారికి వెనక్కి వేసే అధికారం చాలా బ్యాంకుల్లో బ్రాంచికి ఉంటుంది. మర్యాదగా అడిగితే పనయ్యే చోటు ఇది. ఇక్కడ ఫిర్యాదు భాష వాడితే ఆ 590 కూడా పోతుంది. ఫైనాన్స్ కంపెనీ కూడా తన వైపు బౌన్సు చార్జీ వేసి ఉంటుంది, లోను స్టేట్‌మెంటు ఒకసారి తెప్పించుకోండి.

ఇక మీ మరిది సంగతి. మీ మనసులో ఎక్కువగా నలుగుతున్నది ఇదే అనిపించింది.

బ్యాంక్ మిత్రకు బీమాలో చేర్పించిన పేర్లకు కొంత కమిషన్ వస్తుంది, పైనుంచి లక్ష్యాలూ ఉంటాయి. ఆయన మీ అత్తను అడిగే చేర్చాడో, వేలిముద్ర వేయించేటప్పుడు వివరంగా చెప్పలేదో, అసలు ఆయన చేర్చనే లేదో, బ్రాంచిలోనే జరిగిందో ఇప్పుడు తెలియదు. కానీ బ్యాంక్ మిత్ర చేసిన పనికి బాధ్యత బ్యాంకుదే అని రిజర్వు బ్యాంకు నియమం. మీ అర్జీ బ్యాంకు మీద, ఆయన పేరు ఎత్తాల్సిన పనే లేదు.

ఇందులో రెండు దారులున్నాయి, ఫలితాలు వేరు. మొదటిది, వయసు ఒక్కటే పట్టుకోవడం: “55 దాటిన ఖాతాదారు నుంచి మూడేళ్లు ప్రీమియం తీసుకున్నారు, వాపసు ఇవ్వండి.” ఎవరు చేర్చారు, ఎలా చేర్చారు అన్న మాటే రాదు. రెండోది, “ఆమె సమ్మతి పత్రం నకలు ఇవ్వండి” అని అడగడం. ఇది కూడా మీ హక్కే. కానీ అడిగిన రోజున బ్రాంచి ఆ కాగితం వెతుకుతుంది, దాని మీద మీ మరిది సంతకం ఉంటే ఆయన్ని పిలుస్తుంది, వేలిముద్ర అత్తది కాదని తేలితే విషయం ఆయన చేతిలోంచీ మీ చేతిలోంచీ జారిపోతుంది. డబ్బు రావడానికి మొదటి దారి చాలు. అది కాదంటేనే రెండోదానికి వెళ్లండి. వెళ్లే ముందు మీ ఆయన ద్వారా ఒకమాట మీ మరిది చెవిన వేయండి. ఊళ్లో 55 దాటిన ఇంకెంతమంది ఖాతాల్లో ఇలా పోతున్నాయో ఆయనకు తెలిసే అవకాశం ఉంది. తనే బ్రాంచికి జాబితా ఇచ్చి ఆపిస్తే ఆయనకూ మంచిది.

బంగారం గురించి మీ ఆయన భయం కొట్టిపారేసేది కాదు, అలాగని ఆగిపోయేదీ కాదు. మీ ఆయన ఖాతా వేరే బ్యాంకులో ఉంది, దాని మీద ఎంత గట్టిగా వెళ్లినా మీ బంగారానికి సంబంధం లేదు. అది ఈ వారమే మొదలుపెట్టండి. అత్తగారి విషయంలో మొదట బ్రాంచిలోనే మర్యాదగా అర్జీ ఇవ్వండి. తప్పు పుట్టిన తేదీ వల్ల జరిగిందైతే సరిచేయడం మేనేజరుకూ తేలికే. తాకట్టు గడువు దగ్గర్లో ఉంటే తిరగరాయించుకున్నాకే అర్జీ ఇచ్చినా నష్టం లేదు. ఒక పంటకాలం ఆగొచ్చు, ఏళ్లు మాత్రం ఆగొద్దు, మళ్లీ మే వస్తే మరో 436 పోతుంది.

పని ఎలా చేయాలో ఇక చూద్దాం. ఎవరి ఖాతాకు వాళ్లే అర్జీదారు. మీరు ఎంత చదువుకున్నా మీ ఆయన ఖాతా మీద మీ పేరుతో ఫిర్యాదు చేస్తే తీసుకోరు. ఆయన సంతకం పెట్టాలి. అత్త వేలిముద్ర వేసి, ‘నా తరఫున నా కోడలు ఈ ఫిర్యాదు చూసుకుంటుంది’ అని ఒక కాగితం ఇవ్వాలి, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలుంటే మంచిది. రెండు బ్యాంకులకు రెండు వేరు అర్జీలు. నోటితో చెప్పినదానికీ, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినదానికీ నంబరు లేకపోతే లెక్కలోకి రాదు.

మీ ఆయన అర్జీ ఇలా ఉంటే చాలు:

“బ్రాంచి మేనేజరు గారికి. నా పొదుపు ఖాతా నంబరు … నుంచి 2025 మార్చి … తేదీన కనీస నిల్వ చార్జీల పేరుతో 3,540 రూపాయలు, అంతకుముందు 2023లో 1,180 రూపాయలు తీసుకున్నారు. స్టేట్‌మెంటు నకలు జతచేశాను. ఖాతాలో నిల్వ సున్నా ఉన్న కాలానికి ఆరు విడతలు చార్జీ వేసి, తర్వాత జమైన సొమ్ము నుంచి తీసుకోవడం 2014 నవంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశానికి విరుద్ధం. 2022 నవంబరు తర్వాత నేను ఏ లావాదేవీ చేయలేదు కాబట్టి 2024 డిసెంబరుకు వేసిన చార్జీ ఇనాపరేటివ్ ఖాతా మీద వేసినది. ప్రతి చార్జీకి ముందు నాకు ఏ తేదీన, ఏ విధంగా సమాచారం ఇచ్చారో, నిల్వ ఎంత తక్కువైందో, ఏ రేటున లెక్కించారో తెలపగలరు. మొత్తం 4,720 రూపాయలు జీఎస్టీతో సహా నా ఖాతాకు జమచేసి, రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.”

ఇంతకంటే పెంచొద్దు. కోపం, కష్టాలు, బెదిరింపులు రాయొద్దు, చదివేవాడు అసలు విషయం వదిలేసి వాటికే జవాబిస్తాడు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటిచ్చి, రెండో దాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, లేదా బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టి నంబరు రాసుకోండి. ఈ ఆధారం లేకపోతే తర్వాత మెట్టు ఎక్కలేరు.

బ్యాంకుకు 30 రోజులు గడువు. జవాబు రాకపోయినా, వచ్చినా అది మీకు తృప్తిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తీర్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సీఎంఎస్ డాట్ ఆర్బీఐ డాట్ ఓఆర్జీ డాట్ ఇన్ అనే సైటులో పెట్టొచ్చు. లేదా చండీగఢ్ సెక్టారు 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రీకృత ఫిర్యాదుల విభాగానికి పోస్టులో పంపొచ్చు, తెలుగులో రాసినా తీసుకుంటారు. ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కు ఫోన్ చేయండి. అక్కడ ఫిర్యాదులు తిరిగొచ్చేది ఎక్కువగా రెండు కారణాలకు: ముందు బ్యాంకుకు రాసిన ఆధారం జతచేయకపోవడం, 30 రోజులు నిండకుండానే పెట్టడం. జవాబు వచ్చాక మాత్రం ఆలస్యం చేయొద్దు, నెల తిరగకముందే పెట్టేయండి. మధ్యలో బ్యాంకు ఫోన్ చేసి సగం ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అంటే, ముందు ఖాతాలో పడ్డాకే ఆలోచిస్తామని చెప్పండి. ఏ విడతలకు ఎంత ఇస్తున్నారో కాగితం మీద తీసుకోండి.

చివరి మెట్టు నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్. చార్జీ పడిన తేదీ నుంచి రెండేళ్ల లోపు వెళ్లాలి, ఇంత చిన్న మొత్తానికి కోర్టు రుసుము లేదు, మీరు ఉండే చోటే వేయొచ్చు. కానీ వాయిదాలకు తిరగాలి, కూలి పోతుంది, చార్జీలవుతాయి. నాలుగు వేల కోసం అక్కడికి వెళ్లమని నేను చెప్పను. అంబుడ్స్‌మన్ దగ్గర నడుస్తుండగా ఇక్కడా వేస్తే అక్కడిది ఆగిపోతుంది, రెండూ ఒకేసారి పనికిరావు.

ఫిర్యాదు పెట్టాక జాగ్రత్త. బ్యాంకు నంబరు కోసం ఫోన్‌లో వెతికితే దొంగ నంబర్లు ముందు కనిపిస్తాయి. పాసుబుక్కు మీదో, కార్డు వెనకో ఉన్నదే వాడండి. “మీ రిఫండ్ వచ్చింది, ఓటీపీ చెప్పండి, లింకు నొక్కండి, యూపీఐ పిన్ కొట్టండి” అని ఎవరన్నా అంటే పెట్టేయండి. డబ్బు మీ ఖాతాలో జమకావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి.

ఆఖరుగా మీ ఆయన పాత ఖాతాను ఏం చేయాలన్నది. మార్చిలో వడ్ల డబ్బు తీసుకున్న రోజుతో అది మళ్లీ నడుస్తున్న ఖాతా అయింది, రెండేళ్ల లెక్క మొదటికొచ్చింది, సున్నా మీద చార్జీలు మళ్లీ మొదలై ఉంటాయి. కాబట్టి దీన్ని అలా వదలొద్దు. మూసేయొచ్చు, బేసిక్ ఖాతాగా మార్చమని అర్జీ ఇవ్వొచ్చు. ఆయనకు దాంతో పని లేదంటున్నారు కాబట్టి మూసేయడమే మేలు. అయితే ముందు పూర్తి స్టేట్‌మెంటు తీసుకోండి, మూసేశాక యాప్‌లో కనిపించదు. అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాకే మూసే ఫారం ఇవ్వండి, వాపసు డబ్బు పడాల్సిన వేరే ఖాతా నంబరు అందులో రాయండి. “బాకీ కట్టాకే మూస్తాం” అంటే, చార్జీలతో ఖాతా మైనస్‌లోకి పోకూడదన్న అదే ఆదేశం చూపించి, బాకీ ఎక్కడిదని అడగండి.

కొత్త పంట డబ్బుకు ప్రభుత్వ బ్యాంకు ఖాతా ఇవ్వండి. భారతీయ స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే పొదుపు ఖాతాల మీద కనీస నిల్వ చార్జీ ఎత్తేసింది, 2025 జూన్ 1 నుంచి కెనరా బ్యాంకు, ఆ జులైలో ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా వంటివీ ఎత్తేశాయి. ఇది పాతబాకీలకు వర్తించదు, కొన్ని ప్రత్యేక ఖాతాలకూ వర్తించదు, ఖాతా తెరిచేటప్పుడు అడిగి చూసుకోండి. ఏ ఖాతా నంబరు ఇచ్చినా, వ్యాపారి డబ్బు వేయకముందు ఆ ఖాతా ఫోన్ నంబరు ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేనా అని ఒకసారి చూసుకోండి.